చింతచిగురు యాటకూర కోసం నాలుగు ఊళ్ళు

గద్వాల కోట చూశారా అని మా స్కూల్లో అందరూ అడుగుతున్నారు. దాని ముందు నుంచి ఆటోలో రెండు మూడుసార్లు వెళ్ళాం గానీ లోపలికి అడుగుపెట్టలేదు. వనపర్తి రాజుల మహలునీ గేటు బయటి నుంచే చూశాం. సాంఘికశాస్త్రం చెప్పే టీచరు ఇలా అనడం బాగుండదేమో గానీ, ఈ వేసవి సెలవుల్లో నేనూ మా తమ్ముడు శ్రీనూ తెనాలి నుంచి అంత దూరం వెళ్ళింది కోటలు చూడ్డానికి కాదు. ఒక కూర తినడానికి వెళ్ళాం.

శ్రీను లారీ డ్రైవరు. గుంటూరులో మిర్చి ఎత్తుకుని కర్నూలు, రాయచూరు మీదుగా మహారాష్ట్ర దాకా తిరిగేవాడు. ఇంటికొచ్చాక ఏ ఊళ్ళో ఏం చూశావురా అని అడిగితే, ఏ ఊళ్ళో ఏం తిన్నాడో చెప్పేవాడు. కిందటేడు గొంతులో గడ్డ తేలింది. రేడియేషన్ ఇచ్చారు. గడ్డ పోయింది, దాంతోపాటు నోటికి రుచీ పోయింది. లాలాజలం సరిగ్గా ఊరక, ముద్ద ముద్దకీ నీళ్ళు తాగితేనే దిగేది. అన్నమైనా ఇడ్లీ అయినా తడి అట్టముక్క నమిలినట్టుందనేవాడు. రుచి కొందరికి తిరిగొస్తుంది, కొందరికి కొంతే వస్తుంది, ఎప్పుడని చెప్పలేం అన్నారు డాక్టరు. కారం తగ్గించి ఏదైనా తినమన్నారు. బరువు ఇంకా తగ్గితే మాత్రం మళ్ళీ ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందన్నారు. ఆ గొట్టంతో గడిపిన రోజులు తలుచుకుంటే వాడికే కాదు, మా అందరికీ భయమే.

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్తూ బజార్లో చింతచిగురు కనిపిస్తే కొని తీసుకెళ్ళాను. శ్రీను పొట్లం విప్పి చాలాసేపు వాసన చూశాడు.

“గద్వాల దగ్గర ఒక అవ్వ దీన్ని యాటకూరలో వేసేదక్కా,” అన్నాడు.

“యాటంటే ఏంట్రా?”

“అక్కడ కూరకి కోసిన మేకనైనా గొర్రెనైనా యాటే అంటారు. అవ్వ మాత్రం లేత పొట్టేలే తెచ్చేది. పక్కన జొన్నరొట్టె. మళ్ళీ ఒకసారి తినాలనుంది.”

తినాలనుంది అన్న మాట వాడి నోట విని ఏడాది దాటింది. వంటింట్లోంచి మా మరదలు విజయ గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. స్కూలుకి సెలవులిచ్చిన వారంలోనే బయల్దేరాం. ఏడాదిగా సరైన నిద్రలేని విజయని రేపల్లెలో వాళ్ళమ్మ దగ్గరికి పంపించాను.

గద్వాల

గద్వాలలో దిగేసరికి ఎండ నడినెత్తి మీదుంది. మా వైపు ఎండకి చెమట కారుతుంది. ఇక్కడి ఎండకి చెమట పుట్టకుండానే ఆరిపోతుంది. చీరల దుకాణాల ముందు జరీ అంచులు మెరుస్తుంటే నేను ఆగబోయాను, శ్రీను ఆగనివ్వలేదు. అవ్వ హోటలు రాయచూరు వెళ్ళే దారిలో, ఊరు దాటగానే ఉండేదట.

అక్కడ ఇప్పుడు టైర్లకి పంక్చర్లు వేసే షాపుంది. పక్కనే టీ కొట్టు. కొట్టాయన పేరు కుర్మన్న. మా తమ్ముడు అడిగిన ప్రశ్న విని ఆయన గ్లాసు కడగడం ఆపాడు.

“అవ్వనా? అవ్వ ఏడున్నదన్నా ఇంకా. రోడ్డు పెద్దగ జేసినప్పుడు హోటల్ తీసేసిండ్రు. మర్సటేడు అవ్వ గూడ పాయె. కొడుకులు బెంగుళూర్ల పని జేస్తుండ్రు.”

శ్రీను బల్ల మీద కూర్చున్నాడు. నేను అడిగాను, అలాంటి కూర ఇంకెక్కడైనా దొరుకుతుందా అని.

“ఇండ్లల్ల జేసుకుంటరమ్మా. హోటళ్ళల్ల ఎవరు జేస్తరు? చిగురు తెంపాలె, ఈనెలు ఏరాలె, నలపాలె. గంత ఓపిక ఎవరికున్నది? బిర్యానీ అయితె ఒక్క గిన్నెల అయిపాయె.”

ఆయన చెప్పింది నిజమే. ఆ మధ్యాహ్నం గద్వాలలో చాలా హోటళ్ళ మెట్లెక్కి దిగాం. ఎక్కడ చూసినా బిర్యానీ బోర్డులే. చివరికి బస్టాండు దగ్గర ఒక మెస్సులో, కౌంటరు దగ్గరున్న శాంతమ్మ అనే ఆవిడ, “చింతచిగురు లేదు గని పుంటికూర మటన్ ఉన్నది. మస్తుంటది, తింటరా?” అంది. పుంటికూర అనే ఆకు పేరు నేనెప్పుడూ వినలేదు. కొత్త రుచి కదా అని ఉత్సాహంగా చెప్పాను. గిన్నె వచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. గోంగూర!

గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, రాష్ట్రం దాటొచ్చి, డబ్బులిచ్చి గోంగూర మాంసం తిన్నాను. నా మొహం చూసి శ్రీను నవ్వాడు. నవ్వితే వాడికి గొంతు పట్టేస్తుంది. నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు. విషయం తెలిసి శాంతమ్మ కూడా నవ్వింది. “మాదాంట్ల గిదే పుంటికూర. ఆంధ్రోళ్ళు గోంగూర అంటరని నాకేం తెల్సు?”

ఆవిడ పుట్టిల్లు రాయచూరు పక్క. ఎవరొచ్చినా “ఊట ఆయ్తా?” అని కన్నడంలో పలకరించి తర్వాత తెలుగులోకి దిగుతుంది. అన్నం తినడానికే వచ్చిన మనిషిని అన్నం తిన్నావా అని అడిగితే నాకు నవ్వొచ్చింది గానీ, మా బజార్లలో డబ్బు కట్టాకే మనిషి మొహం చూసే హోటళ్ళు గుర్తొచ్చి, ఇదే బాగుందని కూడా అనిపించింది.

“ఏమైనా తెలిసిందా?” అని శ్రీనుని మెల్లగా అడిగాను.

“వేడి తెలిసింది,” అన్నాడు.

మేం లేచేటప్పుడు శాంతమ్మ ఒక మాట చెప్పింది. “రేపు శనివారం. పెబ్బేరు సంతకు పోండ్రి. గొర్లోళ్ళను అడుగుండ్రి. యాట గురించి వాళ్ళకు తెల్వనిది ఉండదు.”

పెబ్బేరు సంత

సంత అంటే మాకు కూరగాయలు, గాజులు, బెల్లం జీళ్ళు. పెబ్బేరు సంత అలా కాదు. కనుచూపు మేర జీవాలే. గొర్రెలు, మేకలు, ఎడ్లు, వాటి మధ్య భుజాల మీద గొంగళ్ళు వేసుకున్న మనుషులు. ఎండలో గొంగడి ఎందుకని ఒకాయన్ని అడిగితే, “ఎండ గూడ లోపలికి రావద్దు గద,” అన్నాడు. పొట్టేళ్ళ ధరలు విని నేను నోరు తెరిచాను. మా స్కూల్లో కొత్తగా చేరిన టీచరు నెల జీతానికి రెండు మంచి పొట్టేళ్ళు రావు.

ఆ గొంగడాయన పేరు మల్లయ్య. చింతచిగురు కూరకి ఏ మాంసం బాగుంటుందని శ్రీను అడిగాడు. మల్లయ్య చేతికర్ర మీద ఆనుకుని, తీరిగ్గా మొదలుపెట్టాడు.

“ముదురు పొట్టేలైతె గంటలకొద్ది ఉడకాలె, గంతసేపు చిగురు ఆగదు. ముందే ఏస్తివా, పులుపంత సచ్చిపోతది. పిల్ల పొట్టేలైతె...”

ఆయన చెప్తుండగానే నా చేతిసంచి బరువుగా లాగినట్టయింది. ఆయన పొట్టేలొకటి సంచిలో తల దూర్చి, శ్రీను కోసం కొన్న అరటిపండ్లు తొక్కలతో సహా నములుతోంది. నేను సంచి లాగితే అది ఇటు లాగింది. చివరికి సంచి చెవి తెగింది.

“గింత తిన్నంక ఇగ దీన్ని మీరే కొనాలె,” అన్నాడు మల్లయ్య గంభీరంగా. తర్వాత నవ్వి, గొంగడి అంచులోంచి ఒక తాడు ముక్క తీసి సంచికి చెవి కట్టిచ్చాడు. ఆ తాడుతోనే సంచి తెనాలి దాకా వచ్చింది.

వనపర్తిలో ఖాజా అనే ఆయన తన దగ్గర పొట్టేళ్ళు కొంటాడనీ, చింతచిగురు వచ్చే రోజుల్లో ఆదివారం ఆదివారం ఆ కూర చేస్తాడనీ మల్లయ్యే చెప్పాడు. శ్రీను మొహంలోకి వెలుగొచ్చింది. ఆ సాయంత్రం వనపర్తి చేరేదాకా బస్సు కిటికీలోంచి కనిపించిన చింతచెట్టునల్లా నాకు చూపిస్తూనే ఉన్నాడు.

వనపర్తి

ఖాజా హోటలు కూరగాయల మార్కెట్టు వెనక సందులో ఉంది. ఆదివారం మధ్యాహ్నానికే మేం వెళ్ళినా బల్లలన్నీ నిండిపోయాయి. ఇక్కడ ముక్కూమొహం తెలియని వాళ్ళ పక్కన కూర్చుని తినడం మామూలే. “జర జరుగుండ్రి” అంటే చాలు, అందరూ సర్దుకుంటారు. మా పక్కనాయన తన రొట్టెలోంచి సగం తుంచి నా పళ్ళెంలో వేశాడు. “మీది వచ్చేదాంక తినుండ్రి, సల్లారితె గట్టిపడ్తది.”

కూర వచ్చింది. మా ఇంట్లో చింతచిగురంటే పప్పు, లేదంటే ఎండురొయ్యలు. మాంసంలో వేస్తే ఇలా ఉంటుందని నాకు తెలియదు. పైకి చూస్తే నల్లగా, ఆకు పసరు రంగులో, పెద్ద అందంగా ఏమీ ఉండదు. నాలుక మీద పెట్టగానే ముందు పులుపు వస్తుంది. చింతపండు పులుపులా ఒక్కసారిగా పట్టుకోదు, మెల్లగా లోపలికి దిగుతుంది. దాని వెనక మాంసం కొవ్వు కమ్మదనం. రొట్టె ముక్కలు షోర్వాలో, అంటే కూర పులుసులో, నానేసి తింటుంటే నేను ఎందుకొచ్చానో కూడా కొద్దిసేపు మరిచిపోయాను.

శ్రీను వైపు చూశాను. నానిన రొట్టె నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నములుతున్నాడు. మింగాడు. నీళ్ళు తాగాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. అలా మూడు నాలుగు ముద్దలు తిని పళ్ళెం పక్కకి జరిపి బయటికి వెళ్ళిపోయాడు.

వెళ్ళి చూస్తే సందులో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“ఇంటికెళ్దాం అక్కా. అందరూ అంత ఇష్టంగా తింటుంటే మధ్యలో కూర్చోలేకపోతున్నా.”

ఇంత దూరం తీసుకొచ్చి వాడికి ఉన్న కొద్దిపాటి ఆశ కూడా పాడుచేశానేమో అనిపించింది. ఇంతలో ఖాజా భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గడ్డం నెరిసిన మనిషి.

“ఏందన్నా, కూర మంచిగ లేదా?”

నేను జరిగింది చెప్పాను. ఖాజా భాయ్ అయ్యో అనలేదు. “నాగర్‌కర్నూల్ల కాలువ కాడ మార్తమ్మ అని ఒకామె ఉన్నది. గీ కూర నాకన్న మంచిగ జేస్తది,” అన్నాడు. లోపలి బల్లల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “గీ మాట నా గిరాకీలకు మాత్రం చెప్పకుండ్రి.”

“రుచి తెలియనివాడికి ఎవరు చేస్తే ఏంటి భాయ్,” అన్నాడు శ్రీను.

“ఇయ్యాల తెల్వలే. రేపటి సంగతి నీకు తెల్సా, నాకు తెల్సా? జర సబర్ జెయ్యి, ఓపిక పట్టు.”

ఇంటికెళ్ళాలన్నా నాగర్‌కర్నూల్, కల్వకుర్తి మీదుగా ఒక దారుంది. ఆ దారినే వెళ్దామన్నాను. వాడు వద్దనలేదు.

నాగర్‌కర్నూల్

ఊరి బయట కాలువ గట్టు పక్కన రేకుల షెడ్డు, ముందు రెండు బల్లలు. మార్తమ్మకి యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త ఆశీర్వాదం రొట్టెల పొయ్యి దగ్గరుంటాడు. మగవాడు జొన్నరొట్టెలు కొట్టడం నేను మొదటిసారి చూసింది ఇక్కడే. చప్పట్లు కొట్టినంత తేలిగ్గా కొడతాడు.

సోమవారం మేం వెళ్ళేసరికి కూర లేదు. “ఇయ్యాల చిగురు తేలే. రేపు జేస్త, ఉంటరా?” అంది మార్తమ్మ. మాకు పప్పూ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. శ్రీను ముద్ద ముద్దకీ నీళ్ళు తాగడం గమనించి, ఏమైందని నేరుగా అడిగింది. చుట్టాలెవరూ అలా అడగరు, మా ఎదుట మాట మార్చేస్తారు. శ్రీను కూడా నేరుగానే చెప్పాడు. లారీ గురించి, గొంతు గురించి, గొట్టం గురించి. నాతో చెప్పనివి కూడా చెప్పాడు. రాత్రి కలలో తిన్నవి రుచిగా ఉంటాయట.

మార్తమ్మ వాళ్ళు పెళ్ళయిన కొత్తలోనే వలస పోయారు. పుణె పక్క, కర్ణాటకలో, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి. మట్టి మోయడానికి పోయిన మనిషి చేతివంట బాగుందని మేస్త్రీ ఆమెని గుంపుకంతా వండమన్నాడు. “పరాయి ఊర్ల కాలువలు తవ్వితిమి. మా ఊరికి కాలువొచ్చినంక ఇంటికొస్తిమి,” అన్నాడు ఆశీర్వాదం రొట్టె తిప్పుతూ. ఇప్పుడు చుట్టుపక్కల వరి కోతలకీ నాట్లకీ వచ్చేవాళ్ళే వాళ్ళ గిరాకీ. ఉత్తరాది నుంచి కూడా కూలీలు వస్తున్నారట. వాళ్ళ కోసం మార్తమ్మ గోధుమ రోటీలు చేయడం నేర్చుకుంది. “మేం గట్లనే పోయి ఉన్నోళ్ళం గద,” అంది.

మర్నాడు పొద్దున్నే ఆమె చిగురు తెంపడానికి బయల్దేరుతూ శ్రీనుని పిలిచింది. “నువ్వు ఎత్తున్నవు. కొమ్మ వంచితె మేం తెంపుతం.”

పొలం గట్టున వరసగా చింతచెట్లు. ఎండలో దుమ్ముకొట్టుకుపోయిన కొమ్మల చివర్లలో ఎర్రగా, పచ్చగా చిగుళ్ళు. శ్రీను కొమ్మ వంచి పట్టుకున్నాడు, మార్తమ్మా నేనూ పాత చీరలోకి దూస్తున్నాం. మార్తమ్మ మా పంతుళ్ళ జీతాల గురించి ఏదో అడుగుతోంది, నేనేదో చెప్తున్నాను. చెట్టు కింద నిలబడ్డ ఎవరైనా చేసే పనే శ్రీనూ చేశాడు. రెండు చిగుళ్ళు తెంపి నోట్లో వేసుకున్నాడు.

వాడి చేతిలోంచి కొమ్మ జారి పైకి లేచింది. మా తలల మీద దుమ్ము రాలింది.

“అక్కా.”

“ఏంట్రా, గుచ్చుకుందా?”

“పుల్లగా ఉంది.”

గుర్తున్న రుచి చెప్తున్నాడనుకున్నాను. వాడు ఇంకో గుప్పెడు దూసి నోట్లో కుక్కుకున్నాడు. నములుతుంటే కళ్ళు చిట్లాయి, ఒక చెంప ముడుచుకుంది. “నోట్లో నీళ్ళూరుతున్నాయక్కా,” అన్నాడు. నీళ్ళ సీసా నా సంచిలో ఉంది. వాడు అడగలేదు.

మార్తమ్మ వాడిని చూస్తూ, “చింతచిగురు పుల్లగుండక తియ్యగుంటదా?” అంది. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దుమ్ము పడిందంది.

షెడ్డుకి తిరిగొచ్చాక ఆమె వండుతుంటే పక్కనే నిలబడ్డాను. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి. శ్రీను కోసం మిర్చి సగం చేసింది. లేత పొట్టేలు మాంసం మూత పెట్టి ఉడకనిచ్చింది. చిగురు అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఊదేసి, వేరే మూకుట్లో నూనె చుక్కలో మగ్గించి, మాంసం మెత్తబడ్డాక చివర్లో కలిపింది. తర్వాత ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచలేదు. పెబ్బేరు మల్లయ్య చెప్పబోయి ఆగిపోయిన మిగతా సగం ఇదేనన్నమాట.

ఆశీర్వాదం రొట్టె వేశాడు. శ్రీను షోర్వాలో రొట్టె నానేసి ముద్ద పెట్టుకున్నాడు. మేం ముగ్గురం మా పని మేం చేసుకుంటున్నట్టు నటిస్తున్నాం. వాడు నమిలాడు, మింగాడు, వేలు నాకాడు. తర్వాత మొహమాటంగా తలెత్తాడు.

“ఏమనుకోకమ్మా. ఉప్పు కొంచెం తగ్గింది.”

రొట్టె కొడుతున్న చేతులు ఆగాయి. మార్తమ్మ గరిటెతో షోర్వా అరచేతిలో వేసుకుని నాలుకకి తగిలించి, “అవు, తక్కువైంది,” అంది. ఉప్పుడబ్బా తెచ్చి వాడి ముందు పెట్టింది. నాకు అక్కడ కూర్చోవడం చేతకాలేదు. చెయ్యి కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికి వెళ్ళి, కాలువ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి వాడు ఇంకో రొట్టె అడుగుతున్నాడు. ఆశీర్వాదం వాడి పళ్ళెంలో నల్లి బొక్క వేసి, దాన్ని ఎలా కొట్టి మూలుగ పీల్చాలో చూపిస్తున్నాడు. అది మా తమ్ముడికి ఎవరూ చూపించక్కర్లేదు.

కల్వకుర్తి మీదుగా ఇంటికి

కల్వకుర్తిలో బస్సు ఆగింది. శ్రీను దిగి జిలేబీ కొనుక్కొచ్చాడు. ఒకటి తిని తల అడ్డంగా ఊపాడు. తీపి తెలియలేదు. “కరకరలాడుతోంది గానీ,” అని ఇంకోటి తీసుకున్నాడు.

మీరూ వెళ్ళాలనుకుంటే చింతచిగురు రోజుల్లోనే వెళ్ళండి. హోటల్లో మటన్ అని కాకుండా యాటకూర అని అడగండి. అప్పుడు వంటింట్లోంచి ఎవరో ఒకరు తొంగి చూస్తారు. ఈ రోజు లేదంటే నిరాశపడకండి, ఇంకో ఊరి పేరు చెప్తారు. పుంటికూర అంటే గోంగూర.

ఇంటికొచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. రుచి తిరిగి రావడానికి అదే సమయం అయి ఉంటుందనీ, కూర వల్ల కాదనీ ఆయన చెప్పారు. కాకపోవచ్చు. బరువు చూసి ఈసారి గొట్టం మాట ఎత్తలేదు. పులుపు, ఉప్పు వచ్చాయి. కారం మంటగానే ఉంది. తీపి ఇంకా రాలేదు.

నిన్న పొద్దున విజయ ఫోన్ చేసింది.

“వదినా, మీ తమ్ముడు నా చారు పారబొయ్యమంటున్నాడు. చింతపండు మరీ ఎక్కువైందట. మళ్ళీ పెట్టాలట.”

“మరి పెడుతున్నావా?” అన్నాను.

“పెడుతున్నా,” అంది. వెనకాల పొయ్యి మీద పోపు చిటపటలాడుతోంది, దాని మీదుగా శ్రీను ఏదో సలహా చెప్తున్నాడు. విజయ నవ్వుతూ ఫోన్ పెట్టేసింది.